వేళ్ల వెనక ముంజేయి

పియానో అంటే వేళ్ల విద్య అనుకుంటారు అందరూ. పాఠంలో చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు కూడా ముందు వేళ్లే చూపిస్తారు. "మా అమ్మాయివి పొడుగు వేళ్లండీ, బాగా వస్తుందంటారా?" అని అడుగుతారు. నేను మాత్రం వేళ్లకంటే ముందు మోచేతి నుంచి మణికట్టు దాకా చూస్తాను. చేతులు మెట్ల మీద పెట్టగానే ఆ భాగం బిగుసుకుందా, హాయిగా ఉందా? మోచేయి ఒంటికి అతుక్కుపోయిందా? భుజం చెవి దాకా లేచిందా? సికింద్రాబాద్‌లో ఇంటి దగ్గరే పాఠాలు చెప్పుకుంటూ వచ్చిన నాకు ఒక అభిప్రాయం గట్టిగా స్థిరపడింది. మెట్టుని తాకేది వేలే, కానీ వాయించేది ముంజేయి.

మీకు పియానో రాకపోయినా ఇది తెలుసుకోవచ్చు. కుడి ముంజేతిని మోచేతికి కొంచెం కిందగా ఎడమ చేత్తో మెత్తగా పట్టుకుని, కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటే ఆడించండి. వేలు అక్కడ కదులుతుంటే కండరం ఇక్కడ, మీ అరచేతి కింద పొర్లుతుంది. వేళ్లని వంచే, ఎత్తే పెద్ద కండరాలన్నీ ముంజేతిలోనే ఉంటాయి. వాటి బలం సన్నని టెండన్ల మీదుగా మణికట్టు దాటి వేళ్లకి చేరుతుంది. మణికట్టు లోపలి వైపు ఉన్న ఇరుకు దారిలోంచి తొమ్మిది టెండన్లు, వాటితోపాటు మీడియన్ నాడి వెళ్తాయి. అంత ఇరుకు సందుని గంటల తరబడి వంచి ఉంచి, దానిగుండా టెండన్లని లాగుతుంటే ఏమవుతుందో ఆలోచించండి.

ఇంకో సంగతి. అరచేతిని బోర్లించి, వెల్లకిలా తిప్పి, మళ్లీ బోర్లించండి. తిరిగింది మణికట్టు అనిపిస్తుంది. నిజానికి తిరిగేది ముంజేయే. అందులో రత్ని, అరత్ని అని రెండు ఎముకలు ఉన్నాయి. చెయ్యి బోర్లించినప్పుడు రత్ని అరత్ని మీదుగా అడ్డంగా వస్తుంది. అట్లకాడతో అట్టు తిరగేసేటప్పుడు మనం వాడేది ఈ తిప్పే. ఎన్ని అట్లు వేసినా అందుకు వేళ్లు నొప్పి పుట్టవు. పియానో దగ్గర నాకు కావలసింది ఆ తిప్పే, కాకపోతే కంటికి ఆననంత చిన్నగా.

కె.545 అని పిలుచుకునే మోజార్ట్ సి మేజర్ సొనాటా తీసుకుందాం. 1788 నాటి రచన, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమని ఆయనే తన రచనల పట్టికలో రాసుకున్నది. మొదటి బార్‌లో ఎడమ చెయ్యి సి-జి-ఇ-జి, సి-జి-ఇ-జి అని తిరుగుతూ ఉంటుంది. చిటికెనవేలు, బొటనవేలు, నడిమివేలు, మళ్లీ బొటనవేలు. పిల్లలు దీన్ని ఒక్కో వేలినీ పైకెత్తి, సుత్తితో కొట్టినట్టు కొడతారు. ఒక పేజీ అయ్యేసరికి చిటికెనవేలు కొయ్యబారుతుంది, జి మోత ఎక్కువై పైనున్న పాట వినపడదు. అప్పుడు వేళ్లు ఎత్తడం మానిపించి, ముంజేతిని చిటికెనవేలి వైపు ఒరిగించమంటాను. సి దానంతటదే పలుకుతుంది. బొటనవేలి వైపు ఒరిగిస్తే జి పలుకుతుంది. మళ్లీ అటు సగం దాకా ఒరిగిస్తే నడిమివేలి కింద ఇ. వేళ్లు ఊరికే నిలబడి ఉంటాయంతే. కాసేపటికి ఆ బార్ తేలికగా దొర్లడం మొదలవుతుంది. ఆ క్షణంలో పిల్లల ముఖం చూడాలి. ఇంత సులువా అన్న ఆశ్చర్యం కనిపిస్తుంది.

ఇటూ అటూ ఊగే సంగీతంలో ఈ తిప్పు వెంటనే దొరుకుతుంది. వరసగా ఒకే దిక్కుకి వెళ్లే స్కేల్‌లోనే చిక్కు. దీనికి బ్రూక్లిన్‌లో పాఠాలు చెప్పిన డొరతీ టాబ్‌మన్ (1917–2013) ఒక దారి చూపించారు. వెళ్లవలసిన వైపుకి తిరిగే ముందు, ఎదురు దిక్కుకి ఒక చిన్న తిప్పు. ఆ ఎదురు తిప్పే తరవాతి వేలిని మెట్టు మీదికి లేపి సిద్ధం చేస్తుంది. ఆ తరవాత అసలు తిప్పు దాన్ని దించుతుంది. మొదట ఎంతో పెద్దగా, నిదానంగా చేయించి, క్రమంగా తగ్గిస్తూ పోయి, చివరికి కంటికి కనపడని స్థితికి తేవాలి. ఈ చివరి సంగతే చాలామంది వదిలేస్తారు. ముంజేతి తిప్పు నేర్పామని చెప్పి, పిల్లాడు ప్రతి స్వరానికీ తాటాకులా ఊగుతుంటే ఊరుకుంటారు. అది సాధనలో ఒక మెట్టు మాత్రమే. అక్కడే నిలిచిపోతే వేగం రాదు.

టాబ్‌మన్ కంటే ముందే లండన్‌లో టోబియాస్ మాథే ఈ సంగతి మీద పుస్తకాలకి పుస్తకాలు రాశారు. 1903లో ఒకటి, 1932లో మరొకటి. పియానో వాయించడంలో కనపడే కదలిక తక్కువ, కనపడని శ్రమే ఎక్కువ అన్నది ఆయన వాదన. అంతకన్నా ముందు జర్మనీలో లుడ్విగ్ డెప్పె 1885లో పియానో వాళ్ల చేతి నొప్పుల మీద వ్యాసం రాశాడు. అంటే ఈ బాధ మన కాలంలో పుట్టింది కాదు.

ఈ బాధ పుట్టుక ఇంకా వెనక ఉంది. పియానోకి ముందు వాడుకలో ఉన్న హార్ప్‌సికార్డ్ మెట్లు తేలిక, దానికి వేళ్లు చాలు. పియానో వచ్చాక కూడా పాఠం చెప్పేవాళ్లు ఆ పాత పద్ధతే పట్టుకుని కూర్చున్నారు. చెయ్యి కదలకూడదు, చేతి వెనక నాణెం పెడితే జారకూడదు. 1814లో లోజియర్ అనే ఆయన చేతుల్ని ఒక చట్రంలో బిగించే సాధనానికి పేటెంట్ తీసుకున్నాడు. పారిస్‌లో పియానిస్టు కాల్క్‌బ్రెన్నర్ దాన్ని కొంచెం సరళం చేసి, ముంజేతులు ఆనించుకునే ఒక కమ్మీని మెట్ల ముందు బిగించాడు. స్వరకర్త సెయింట్ సాన్స్ బాల్యంలో ఆ కమ్మీ మీదే నేర్చుకున్నాడు.

1831లో పారిస్ చేరిన షోపాన్‌ని అదే కాల్క్‌బ్రెన్నర్ మూడేళ్లు తన దగ్గర శిష్యరికం చెయ్యమన్నాడు. ఇరవయ్యొక్కేళ్ల షోపాన్ ఆయన మీద గౌరవంతో తన ఇ మైనర్ కాన్సర్టోని అంకితమిచ్చాడు కానీ శిష్యరికానికి ఒప్పుకోలేదు. సంగీతలోకం అదృష్టం. తాను పాఠం చెప్పడం మొదలుపెట్టాక షోపాన్ చేసిన పని చూడండి. అందరూ సి మేజర్‌తో మొదలుపెడితే, ఆయన సి మేజర్‌ని ఆఖరికి ఉంచాడు. ముందు బి మేజర్. అంతకంటే ముందు చెయ్యి పెట్టే పద్ధతి: బొటనవేలు ఇ మీద, మధ్యలోని మూడు వేళ్లు ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్ అనే నల్ల మెట్ల మీద, చిటికెనవేలు బి మీద. పొడుగు వేళ్లకి ఎత్తుగా ఉన్న మెట్లు, పొట్టి వేళ్లకి పల్లంగా ఉన్నవి. చెయ్యి తన సహజమైన ఆకారంలో ఒదిగిపోతుంది, మణికట్టు పక్కకి మెలి తిరగదు. ఆయన రాయాలనుకుని పూర్తిచెయ్యని బోధనా గ్రంథం చిత్తుకాగితాల్లో, గాయకుడికి ఊపిరి ఎలాగో పియానోకి మణికట్టు అలాగ అన్న అర్థంలో ఒక మాట ఉంది. నేను పాఠం చెప్పేటప్పుడు దీనికి మించిన మాట వెతుక్కోను. రెండు స్వరాల్ని కలిపి పలికించే చిన్న స్లర్ వచ్చిందా, మొదటిదానికి మణికట్టు కిందికి దిగుతుంది, రెండోదానికి తేలికగా పైకి లేస్తుంది. పైకి లేచేటప్పుడు రెండో స్వరం దానంతటదే మెత్తబడుతుంది. మెత్తగా వాయించు అని విడిగా చెప్పనక్కర్లేదు.

మరి చెయ్యి మొత్తం వదిలేస్తే సరిపోతుందా? చేతి బరువుతోనే వాయించాలనే బరువు సిద్ధాంతం వాళ్లు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాదాపు అలాగే చెప్పారు. 1929లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఓట్టో ఓర్ట్‌మన్ చేతి కదలికల్ని కొలిచి చూసి, పూర్తిగా వదులైన చెయ్యి పియానో వాయించలేదని తేల్చాడు. వేలి కణుపు ఆ ఒక్క క్షణం నిలబడకపోతే పైనుంచి వచ్చే బలమంతా వృథా. బిగువు ఉండాలి, అవసరమైన చోట, అవసరమైనంతసేపే. ఈ మాట నాకు చాలా ఇష్టం. రిలాక్స్, రిలాక్స్ అని పిల్లల చెవిలో ఊదుతూ ఉండే టీచర్లు ఓర్ట్‌మన్ చెప్పింది తెలుసుకోవాలి.

పియానో యంత్రం కూడా ఇదే చెప్తుంది. మెట్టు లోతు దాదాపు పది మిల్లీమీటర్లు. దాన్ని కదపడానికి కావలసిన బరువు యాభై గ్రాముల అటూ ఇటూ. సుత్తి తీగని తాకడానికి కాస్త ముందే మెట్టు నుంచి విడివడి ఎగురుతుంది. అంటే ఆ తరవాత మీరు మెట్టుని ఎంత నొక్కిపట్టినా ధ్వనిలో పిసరంత మార్పు రాదు. అయినా ఎంతమంది అడుగున చేరిన మెట్టుని ఇంకా పాతేస్తూ ఉంటారో! స్వరం పలికిన తరవాత పెట్టే ఆ ఒత్తిడంతా ముంజేతికి శిక్షే.

ఈ అలవాటు మన దగ్గర ఎక్కువ కావడానికి కారణం ఉంది. హార్మోనియం మీద మెట్టుని ఎంత గట్టిగా కొట్టినా ధ్వని పెరగదు, అది తిత్తి పని. ఇళ్లలో ఉండే చవక కీబోర్డులు చాలావాటికి మెట్ల వెనక బరువే ఉండదు. అలాంటి వాటి మీద నాలుగైదేళ్లు వాయించి, గ్రేడ్ పరీక్ష దగ్గరపడ్డాక మొదటిసారి అసలు పియానో ముందు కూర్చున్న పిల్లలకి, మెట్టు బరువుగా తగలగానే తెలిసింది ఒక్కటే, వేళ్లతో గట్టిగా పొడవడం. తప్పు పిల్లలది కాదు. ముంజేతితో అవసరం వాళ్లకి అప్పటిదాకా రాలేదు.

నొప్పి గురించి మాత్రం నిర్మొహమాటంగా చెప్పాలి. నొప్పిని ఓర్చుకుంటేనే విద్య అబ్బుతుందన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. బీథోవెన్ పథెటిక్ సొనాటా మొదటి భాగంలో ఎడమ చేతికి అష్టకం (ఆక్టేవ్) ట్రెమొలో వస్తుంది. సి, దానికి పైన సి, వాటి మధ్య ఎడతెగని ఊగు. దాన్ని వేళ్ల బలంతో లాగితే మొదటి పేజీ దాటేలోపే ముంజేయి రాయైపోతుంది. అక్కడ ఆపి, తిప్పు సరిచూసుకోవాలి. పళ్లు బిగించి ముందుకు పోయేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. లియాన్ ఫ్లైషర్ లాంటి మహా పియానిస్టుకి 1960లలో కుడి చేతి నాలుగు, అయిదు వేళ్లు స్వాధీనం తప్పాయి. ఆయనకి వచ్చిన డిస్టోనియా మెదడుకి సంబంధించిన జబ్బు, దాన్ని మణికట్టు లోపం మీదికి నెట్టడం అన్యాయం. అయినా చెయ్యి మొరాయిస్తుంటే ఇంకా ఎక్కువ సాధన చేసి లొంగదీయాలని చూడటం ఎంత ప్రమాదమో ఆయనే తరవాత పదేపదే చెప్పారు. రెండు చేతులతో మళ్లీ ఆల్బమ్ తేగలిగింది 2004లో. మధ్యలో ఎన్నేళ్లు పోయాయో లెక్కేసుకోండి.

చిన్న చేతుల వాళ్ల బాధ ఇంకొకటి. అష్టకం వెడల్పు పదహారున్నర సెంటీమీటర్లు ఉంటుంది. జోసెఫ్ హాఫ్‌మన్ అంతటి పియానిస్టే చెయ్యి చిన్నదని, పియానోలు చేసే స్టైన్‌వే వాళ్ల చేత సన్న మెట్ల పియానో చేయించుకున్నాడు. పదేళ్ల పాప చేత చెయ్యి సాగదీయించి, అందలేదని కోప్పడటం ఏం న్యాయం? అష్టకంలోని స్వరాలు రెండూ ఒకేసారి కాకుండా ఒకదాని వెంట ఒకటి వాయించనివ్వండి, లేదా కిందిది వదిలెయ్యనివ్వండి. సంగీతానికి ఏ నష్టమూ రాదు.

ఇంట్లో పిల్లలు కీబోర్డు నేర్చుకుంటున్నవాళ్లు ఈ వారం ఒక పని చెయ్యండి. పిల్ల వాయిస్తుంటే ఎదుట కాకుండా పక్కన కూర్చుని చూడండి. ముంజేయి మెట్ల ఎత్తుకి సమంగా ఉందా? లేకపోతే కుర్చీ మార్చండి, కాళ్లు గాల్లో వేలాడుతుంటే కింద పీట వెయ్యండి. డైనింగ్ టేబుల్ మీద కీబోర్డు పెడితే మెట్లు ఎత్తైపోతాయి, స్టాండు కొనండి. చిటికెనవేలి వైపు మణికట్టు మెలి తిరుగుతుంటే మోచేయి ఒంటికి ఎడంగా పెట్టమని చెప్పండి. చెయ్యి నొప్పిగా ఉందని పిల్ల అంటే బద్ధకమని అనుకోకండి. ఆ రోజుకి సాధన ఆపించి, టీచర్‌తో మాట్లాడండి. నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.