చెవిని అడిగే యంత్రం, కంటిని అడిగే యంత్రం

మెటల్ డిటెక్టర్ల మీద ఏ సమీక్ష తీసుకున్నా మొదట వచ్చేది లోతు మాటే. ఎన్ని అంగుళాల ఇసుక కింద ఉంగరాన్ని పట్టింది? ఎన్ని మీటర్ల నీటిదాకా తట్టుకుంది? గట్టు మీద వెతికేవాడికి ఈ కొలతలు సరిపోతాయి. ఛాతీ లోతు సముద్రంలో, అలల మధ్య నిలబడి వెతికేవాడికి సరిపోవు. అతని ఒక చేతిలో యంత్రం ఉంటుంది, రెండో చేతిలో ఇసుకను తోడే స్కూప్. ఇక మిగిలేవి కళ్లు, చెవులు. వాటిలో యంత్రం ఎంత లాక్కుంటుంది, వచ్చే అలను కనిపెట్టడానికి ఎంత వదులుతుంది? ఈ ప్రశ్నతో చూస్తే మంచి యంత్రాల వరుస కొంచెం మారుతుంది. అందుకే రెండింటిని పక్కపక్కన పెడుతున్నాను. ఒకటి ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ తయారుచేసిన ఎక్స్‌కాలిబర్ 2. రెండోది ఫ్రాన్స్ కంపెనీ ఎక్స్‌పీ 2021లో ప్రకటించిన డియస్ 2.

పోలికకు రంగస్థలం అమెరికాలోని ఫ్లోరిడా తూర్పు తీరం. 1715 జులై చివర్లో వచ్చిన తుఫానులో వెండి, బంగారం మోసుకెళ్తున్న స్పెయిన్ నౌకాదళం అక్కడే మునిగింది. ఇప్పటికీ పెద్ద తుఫాను తీరాన్ని కోసినప్పుడు నాణేలు ఒడ్డుకు వస్తుంటాయి. 1950లలో కిప్ వాగ్నర్ అనే మేస్త్రీ యుద్ధం మిగిల్చిన పాత సైనిక డిటెక్టర్ ఒకటి కొని ఆ తీరంలో వెతకడంతో ఈ కథ మలుపు తిరిగింది. శిథిల నౌకలున్న చోట నీటి అడుగు అనుమతి పొందినవారిది. ఎవరు పడితే వారు దిగి తవ్వుకోవడానికి లేదు. అందుకని నీళ్లలోకి దిగే ఔత్సాహికుల్లో ఎక్కువమంది వెతికేది స్పెయిన్ రాజు సొమ్మును కాదు, నిన్నమొన్న స్నానానికి వచ్చినవాళ్ల ఉంగరాలను. చల్లటి నీటికి వేళ్లు కుదించుకుపోతాయి, ఒంటికి రాసుకున్న లోషన్ జారుడుకు తోడవుతుంది, పైన అల తోపు. నడుము లోతునుంచి ఛాతీ లోతు దాకా ఉన్న పట్టీలో బంగారం పోయేది ఇలాగే.

ఆ పట్టీలో యంత్రానికి మొదటి శత్రువు ఉప్పు. సముద్రపు నీరు విద్యుత్తును నది నీటికంటే సాధారణంగా వంద రెట్లకు పైగా బాగా మోస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మామూలు డిటెక్టర్‌కు చుట్టూ ఉన్న నీరంతా ఒక పెద్ద పలచటి లోహంలా తోస్తుంది. ఇసుక మీద తిప్పే కాయిల్ కాస్త ఊగితే చాలు, గోల మొదలు. ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు పంపి, ఉప్పు ఇచ్చే జవాబును లెక్కగట్టి తీసేయడమే దీనికి విరుగుడు. ఎక్స్‌కాలిబర్ 1.5 నుంచి 25.5 కిలోహెర్ట్‌జ్ వరకు 17 ఫ్రీక్వెన్సీలతో ఈ పని చేస్తుంది. డియస్ 2 కూడా అదే సూత్రాన్ని కొత్త తరం చిప్‌లతో, ఎక్కువ చురుకుగా అమలు చేస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. సన్నటి బంగారు గొలుసు ఇచ్చే సిగ్నల్ ఉప్పు సిగ్నల్‌కు దగ్గరగా ఉంటుంది. ఉప్పును గట్టిగా నోరు మూయిస్తే గొలుసు కూడా మూగబోతుంది. ఈ విషయంలో రెండు యంత్రాలకూ అతీత శక్తులేమీ లేవు. ఉప్పును పెద్దగా పట్టించుకోని పల్స్ ఇండక్షన్ రకం డిటెక్టర్లూ ఉన్నాయి. నల్ల ఇసుక తీరాల్లో వాటి పనితనం మెచ్చుకోదగ్గదే. కానీ అవి ఇనుప మేకునూ ఉంగరాన్నీ దాదాపు ఒకే గొంతుతో పిలుస్తాయి. ఛాతీ లోతులో ప్రతి మేకుకూ తవ్వడమంటే ఒంట్లో సత్తువ నీళ్లపాలు చేసుకోవడమే.

అసలు తేడా ఇంతకుముందు చెప్పిన కళ్లూ చెవుల దగ్గర మొదలవుతుంది. ఎక్స్‌కాలిబర్‌కు తెర లేదు. చెవిలో సన్నటి హమ్ నిరంతరం నడుస్తూ ఉంటుంది. వద్దనుకున్న ఇనుము మీదికి కాయిల్ వెళ్తే ఆ హమ్ తెగిపోతుంది, మంచి లోహం తగిలితే స్వరం లేస్తుంది. అలవాటైనవాడికి నిశ్శబ్దం కూడా ఒక వార్తే. చూపు మాత్రం మొత్తం సముద్రానికే మిగులుతుంది. డియస్ 2కు చిన్న తెర, ప్రోగ్రాములు, ప్రతి సిగ్నల్‌కూ ఒక అంకె ఉన్నాయి. పొలంలో ఆ అంకె బంగారమంత విలువైనది. కానీ సముద్రంలో? చిన్న ఉంగరం, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగు, వెండికాగితం ముక్క, ఈ మూడూ దాదాపు ఒకే అంకెల పరిధిలో పడతాయి. ఉంగరం కావాలంటే ఆ పరిధిలో మోగిన ప్రతిదాన్నీ తవ్వాలి, అంకె ఏం చూపినా. చూపు తిప్పినందుకు ఎక్కువ మూల్యం పడే చోటే తెర అతి తక్కువ చెబుతుందన్నమాట. డియస్ 2ను కూడా శబ్దంతోనే నడపొచ్చు కదా అని ఎవరైనా అంటే కాదనను. స్వరాల ఎంపిక అందులోనే ఎక్కువ. కాని తెర ఎదురుగా ఉంటే కన్ను దాని మీదికి పోకుండా ఉండదు, ఆ క్షణంలోనే అల వీపు మీద పడుతుంది.

ఇంతవరకు పాత యంత్రానిదే పైచేయి. తీగల సంగతికి వస్తే తీర్పు తిరగబడుతుంది. ఎక్స్‌కాలిబర్ హెడ్‌ఫోన్స్ తీగ కంపెనీలోనే యంత్రానికి శాశ్వతంగా బిగించి వస్తుంది. బరువు తగ్గించుకోవడానికి కంట్రోల్ పెట్టెను నడుముకు కట్టుకునేవాళ్లూ ఉన్నారు. అప్పుడు తల, నడుము, కాయిల్ ఒకే గొలుసులో చిక్కుకున్నట్టే. ప్రవాహం కాళ్ల కింద ఇసుకను లాగేస్తున్నప్పుడు యంత్రాన్ని వదిలేద్దామంటే ముందు హెడ్‌ఫోన్స్ తలమీంచి పీకాలి. పైగా రెండు చెవులూ కప్పి ఉంటాయి కాబట్టి ఒడ్డునుంచి లైఫ్‌గార్డ్ వేసే ఈల వినపడదు. నీళ్లలో వాడే వస్తువుకు ఉండాల్సిన మొదటి గుణం, ఒక్క చేత్తో, ఒక్క క్షణంలో వదిలించుకోగలగడం. ఆ పరీక్షలో ఎక్స్‌కాలిబర్ తప్పుతుంది. ఇంత ప్రతిష్ఠ ఉన్న యంత్రంలో ఈ లోపాన్ని ఇన్నేళ్లు ఎవరూ గట్టిగా నిలదీయకపోవడం నాకు ఆశ్చర్యమే.

డియస్ 2లో కాయిల్ నుంచి తెర ఉన్న రిమోట్‌కు, రిమోట్ నుంచి చెవికి గాలిలో రేడియో తరంగాల మీదే మాట నడుస్తుంది. నడుము లోతులో, రిమోట్‌ను నీటికి పైన ఉంచితే, ఒంటికీ యంత్రానికీ మధ్య తీగే ఉండదు. పెద్ద అల వస్తే చేయి వదిలితే చాలు. రిమోట్ కూడా నీళ్లలో మునిగితే మాత్రం ఈ సుఖం పోతుంది. ఆ రేడియో తరంగాలను నీరు కొద్ది దూరంలోనే మింగేస్తుంది. అందుకే కాయిల్ నీళ్లలో ఉన్నప్పుడు దాని నుంచి రిమోట్ దాకా కడ్డీ వెంట ఒక యాంటెన్నా తీగ బిగించాలి. చెవికి కూడా నీళ్లలో పనిచేసేవి, ఎముక గుండా శబ్దం పంపేవి విడిగా దొరుకుతాయి. వాటితో చెవి రంధ్రం తెరిచే ఉంటుంది. చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, ఈ పద్దులో డియస్ 2కు నేను ఎక్కువ మార్కులు వేసేది దీనికే. బరువు కూడా దానికే అనుకూలం. డియస్ 2 ముప్పావు కిలో, ఎక్స్‌కాలిబర్ రెండు కిలోలకు పైన. అలసిన చెయ్యి తప్పు నిర్ణయాలు చేయిస్తుంది.

ఇప్పుడు ప్రచారంలో పెద్ద అక్షరాలతో కనిపించే లోతు సంఖ్య. ఎక్స్‌కాలిబర్ 60 మీటర్లు, డియస్ 2 20 మీటర్లు, చవక రకాల్లో కొన్ని 3 మీటర్లు. ఛాతీ లోతులో వెతికేవాడికి 3 మీటర్లు ఎక్కువే కదా అనిపిస్తుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. ఎండలో కారు డిక్కీలో యంత్రం 60 డిగ్రీలకు వేడెక్కిందనుకోండి. దాన్ని తెచ్చి 25 డిగ్రీల నీటిలో దించితే ఆ వేడిలోనే మూత బిగించిన పెట్టెలో గాలి పీడనం పదో వంతు తగ్గుతుంది. అంటే దాదాపు ఒక మీటరు నీటి బరువుతో సమానం. మూడు మీటర్ల యంత్రం లోతుకు వెళ్లకముందే మూడో వంతు పోగొట్టుకుంది! రబ్బరు రింగు మీద ఒక ఇసుక రేణువు ఉంటే లోపలికి నీటిని పీల్చేది ఈ చూషణే. నీడలో చల్లారనిచ్చి దిగడం ఏ సీలు గ్రీజుకన్నా మేలు. 20 మీటర్లు, 60 మీటర్లు అనేవి డైవింగ్‌కు పిలుపులని నేననుకోను. ఇలాంటి పొరపాట్లను కాచుకునే వెసులుబాటుగానే వాటికి విలువ.

ఏ కంపెనీ పెట్టె మీదా రాయని సంగతి ఒకటుంది. బరువైన లోహం చేరేది ఇసుక దిబ్బల మధ్య కోతల్లో, గాడుల్లో. ఒడ్డుకు చేరిన నీరు తిరిగి సముద్రంలోకి పారేదీ ఆ కోతల గుండానే. దాన్నే రిప్ కరెంట్ అంటారు. విశాఖ ఆర్కే బీచ్‌లో ఏటా వినే విషాదాల వెనక తరచూ ఉండేది ఇదే. మరీ బలమైన రిప్ సెకనుకు 2.4 మీటర్ల వేగం అందుకోగలదని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ చెబుతుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా అంత వేగాన్ని అందుకోలేడు. అంటే ఉంగరాలు దొరికే చోటు, మనిషిని లాక్కుపోయే చోటు తరచూ ఒకటే. తుఫాను వెళ్లిన మర్నాడు వెతకడానికి అనువైన రోజు, దిగడానికి అధ్వానమైన రోజు. ఉప్పాడ తీరంలో 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత బంగారు రవ్వలు దొరికాయని జనం ఎగబడ్డారు. ఆ గుంపుకు డిటెక్టర్ అవసరం రాలేదు. వాళ్లు వెతికింది అల తడిపి వెనక్కి వెళ్లిన ఇసుకలో. ఆ తెలివి డిటెక్టర్ చేతపట్టిన కొందరిలో కనపడదు.

నీటిలో శరీరం తేలికవుతుందన్న సంగతీ ఇక్కడ గుర్తుంచుకోవాలి. నడుము లోతులో కాళ్ల మీద పడేది మన బరువులో సగమే, ఛాతీ లోతులో సుమారు మూడో వంతు. పాదాల పట్టు అంతమేరకు సడలుతుంది. నిలదొక్కుకోవడానికి కొందరు నడుముకు సీసపు బరువుల బెల్టు కట్టుకుంటారు. ఒక్క లాగుతో ఊడిపడే బకిల్ లేకుంటే ఆ బెల్టు ఎక్స్‌కాలిబర్ తీగకంటే ప్రమాదం. స్కూప్‌ను తాడుతో మణికట్టుకు కట్టుకోవడం కూడా అలాంటిదే. పొడవు కర్ర ఉన్న స్టీలు స్కూప్‌ను కాలితో నొక్కి ఇసుకలోకి దించాలి కాబట్టి మందపాటి అడుగున్న బూట్లు లేకుండా దిగకూడదు. ఫ్లోరిడాలో ఇసుకలో దాగి పడుకునే స్టింగ్‌రే చేపలను తప్పుకోవడానికి అడుగు ఎత్తకుండా ఈడుస్తూ నడుస్తారు. ఏ యంత్రం కొన్నా ఇవి మారవు.

నదుల్లో ఉప్పు గొడవ లేదు. గారెట్ ఏటీ ప్రో లాంటి 15 కిలోహెర్ట్‌జ్ ఏక ఫ్రీక్వెన్సీ యంత్రం కూడా బాగానే పలుకుతుంది. రాజమండ్రి రేవుల్లో కుర్రాళ్లు తాడుకు అయస్కాంతం కట్టి స్టీలు నాణేలు లాగే పద్ధతి ఇంకా చవక. బంగారం మాత్రం దానికి చిక్కదు. మన దేశంలో భూమిలో దాగి ఉన్న సొమ్ము దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ చెబుతుంది. ఉత్సాహపడేవాళ్లు ముందు అది చదువుకోవడం మంచిది.

గట్టెక్కాక పాత యంత్రం మళ్లీ వెనకబడుతుంది. ఎక్స్‌కాలిబర్ బ్యాటరీ గొట్టాన్ని విప్పి ఛార్జ్ చేయాలి. విప్పిన ప్రతిసారీ కీలు దగ్గర ఉప్పు, ఇసుక చేరే అవకాశం ఉంది. డియస్ 2లో విప్పేది ఏమీ లేదు, బయటి లోహపు బిందువులకు క్లిప్ పెడితే చాలు. ఆ బిందువులకు చిలుము పట్టకుండా మంచినీళ్లతో కడిగి తుడవాలి. కడగడమంటే ధారగా వదిలే కుళాయి కింద, ప్రెషర్ పైపుతో కాదు. ఆ ఒత్తిడి సీలు దాటి లోపలికి చొరబడుతుంది.

రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమంటే నేను డియస్ 2నే తీసుకుంటాను, తెర మీద నల్ల టేపు ముక్క అంటించుకుని. ఎక్స్‌కాలిబర్ ఉన్నవాళ్లు దాన్ని అమ్ముకోనక్కర్లేదు. హెడ్‌ఫోన్స్ తీగను కోసి, నీటిని తట్టుకునే ప్లగ్ వేయించుకుంటే చాలు. ఆ పని కంపెనీ ఎప్పుడో చేయాల్సింది.