ముందు కన్వర్టర్, తర్వాతే స్క్రీన్

లారీకి టేప్ కొందామని వచ్చే మన డ్రైవర్ల చూపు ముందు స్క్రీన్ మీదే పడుతుంది. మస్కట్‌లోని రూవి హై స్ట్రీట్ దుకాణాల్లో ఏడంగుళాలవీ పదంగుళాలవీ వరసగా వెలుగుతుంటే ఎవరికైనా అంతే. నేను మాత్రం వాళ్లను ముందు బండి బ్యాటరీ పెట్టె దగ్గరికి తీసుకెళ్తాను. వాదీ కబీర్ షెడ్లలో వైరింగ్ పని చేస్తూ నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది: చేతిలో ఉన్న రియాల్స్‌లో మొదటి వాటా కరెంటుకి, రెండోది స్పీకర్లకి, మిగిలిందే సెట్‌కి.

పెద్ద లారీలో ఉండేది 24 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీలు రెండు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. బజారులో దొరికే సెట్లు చాలావరకు కార్ల కోసం చేసినవి, 12 వోల్టులవి. మధ్యలో 24ని 12కి దించే కన్వర్టర్ ఉండాలి. అది కొనకుండా రెండు బ్యాటరీల నడుమ నుంచి వైరు లాగేస్తారు కొందరు. పాట వస్తుంది, డ్రైవరు సంతోషంగా వెళ్లిపోతాడు. కానీ సెట్ ఒక్క బ్యాటరీనే తాగుతుంటుంది. ఇంజన్ తిరిగేటప్పుడు రెండింటికీ వచ్చే ఛార్జింగ్ మాత్రం ఒకటే. తాగిన బ్యాటరీ ఎప్పటికీ నిండదు, రెండోది ఎక్కువ ఛార్జయి నీళ్లు ఉడికి ఆవిరైపోతాయి. జూన్ ఎండల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. సలాలా వెళ్లే ఎడారి దారిలో హైమా దాటాక బండి స్టార్ట్ కాకపోతే ఆ డ్రైవరుకి దిక్కెవరు? అందుకే మధ్య నుంచి వైరు లాగమంటే ఎంతిచ్చినా లాగను.

కన్వర్టర్ పది ఆంపియర్లకు తక్కువ వద్దు. దాన్ని బెర్త్ పరుపు కింద దాచకూడదు. అది వేడెక్కే వస్తువు, గాలి తగిలే చోట ఇనుప రేకుకి బిగించాలి. నాసిరకం కన్వర్టర్ పెడితే ఎఫ్ఎంలో గరగర మొదలవుతుంది. రేడియో పెట్టి, నాసిరకందీ మంచిదీ మార్చి చూపిస్తే డ్రైవరుకే తేడా తెలుస్తుంది.

సెట్ అట్టపెట్టె మీద రాసే వాట్లను నేను లెక్కలోకి తీసుకోను. ‘నాలుగు స్పీకర్లకు తలా 50 వాట్లు’ అని రాస్తారు. 14.4 వోల్టుల మీద నాలుగు ఓమ్‌ల స్పీకర్‌కి సెట్‌లోని మామూలు ఆంప్లిఫయర్ శుభ్రంగా ఇవ్వగలిగేది 26 వాట్లకు మించదు. ఇది కంపెనీల గొప్పా తక్కువా కాదు, వోల్టేజీ కట్టే హద్దు. ఇంజన్ హోరులో పాట స్పష్టంగా వినపడాలంటే మంచి స్పీకర్లు రెండు తలుపుల్లో కదలకుండా బిగిస్తే చాలు.

ఇక దారి సంగతి. మస్కట్ నుంచి సలాలా వెయ్యి కిలోమీటర్లు. నిజ్వా, ఆదం దాటాక తుమ్రైత్ దాకా ఎడారే. అక్కడ ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. జీపీఎస్‌కి ఫోన్ సిగ్నల్‌తో పని లేదు, ఉపగ్రహాలు పైనే ఉంటాయి. మనకు లేకుండా పోయేది మ్యాప్. అందుకని ఒమన్, యూఏఈ, సౌదీ మ్యాప్‌లు రూమ్‌లో వైఫై ఉన్నప్పుడే సెట్‌లోకి దించుకోమంటాను. కొనే ముందు ఇంటర్నెట్ ఆపేసి, తమకు బాగా తెలిసిన రెండు ఊళ్ల పేర్లు కొట్టి చూడమంటాను. దారి చూపకపోతే ఆ సెట్ వద్దు. కార్ల మ్యాప్‌కి లారీ ఎత్తూ బరువూ తెలియవు, మస్కట్‌లో రద్దీ వేళల్లో లారీలను ఏ రోడ్డు మీద ఆపుతారో తెలియదు. వాన పడితే ఏ వాదీ (వాగు) పారుతోందో అసలే తెలియదు. అది పాత డ్రైవర్లను అడగాల్సిందే. జీపీఎస్ యాంటెన్నాని కూడా రేకు వెనక కుక్కకుండా డ్యాష్‌బోర్డు పైన, ఆకాశం కనపడేలా అంటించాలి.

ఇక్కడి బోర్డులు అరబ్బీలో, ఇంగ్లిష్‌లో ఉంటాయి. రెండూ చదవలేని మనవాళ్లు ఉన్నారు. వాళ్లకు స్క్రీన్ కంటే గొంతు ముఖ్యం. గూగుల్ మ్యాప్స్ తెలుగులో దారి చెబుతుంది. మొన్న రాయచోటి తమ్ముడొకడికి అది పెట్టి ఇచ్చాను. ‘అన్నా, ఇంక పక్క సీటోణ్ని అడగాల్సిన పని ల్యా’ అన్నాడు. ఆ గొంతు డ్రైవర్ వైపు స్పీకర్‌లోనే వచ్చేలా బ్యాలెన్స్ తిప్పాను, బెర్త్ మీద రెండో మనిషి నిద్రపోవాలి కదా.

సెట్‌కి తిప్పే నాబ్ ఉండాలని పట్టుబడతాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. స్క్రీన్ మీద గుర్తు కోసం రెండు సెకన్లు వెతికితే 44 మీటర్లు చూడకుండా నడిపినట్టే. నాబ్ అయితే చెయ్యే వెతుక్కుంటుంది.

బండి ఎక్కువగా కంపెనీది, కాబట్టి అర్బాబ్‌ని (యజమానిని) అడగకుండా అసలు వైర్లు కొయ్యను. అడాప్టర్ సాకెట్ వేస్తే రేపు బండి మారినా, వీసా ముగిసినా, డ్రైవరు తన సెట్ తాను ఊడదీసుకుని పోవచ్చు.

ఇంకో కోరిక కూడా తీర్చను. సెట్ వెనక హ్యాండ్ బ్రేక్‌కి కలపాల్సిన సన్న వైరు ఒకటి ఉంటుంది. బండి ఆగి, బ్రేక్ వేసి ఉంటేనే సినిమా కనపడేలా చేసేది అదే. దాన్ని ఎర్తుకి కలిపేస్తే నడుస్తుండగా కూడా బొమ్మ ఆడుతుంది. రెండు నిమిషాల పని, అడిగేవాళ్లు చాలామంది. ‘సలాలా దాకా నిద్ర రాకుండా ఉంటుందన్నా’ అంటారు. నిద్ర వస్తే హైమాలో బండి పక్కకు పెట్టి పడుకోమని చెప్పి, ఆ వైరుని హ్యాండ్ బ్రేక్ స్విచ్‌కే కలిపి పంపిస్తాను.