ఒత్తిడికి తగిన తావు

నెల్లూరు సీమలోని అల్లూరు ప్రాంతమున ఇనుమునకు ఆయువు తక్కువ. ఇసకపల్లె ఉప్పుకొఠారుల మీదుగా వచ్చు సముద్రపుగాలి వరిచేలను దాటి ఊరిలోనికి ప్రవేశించి, వాకిటి గొలుసునకును, ధాన్యపుగది తలుపున వ్రేలాడు తాళపుకప్పకును ఏకరీతిగా త్రుప్పు పట్టించును. అందుచేత ఇచ్చట తాళము తెఱచు పనివానికి కష్టము రెండింతలు: చెవి పోయిన తాళమును విప్పుట యొకటి, ఉప్పుగాలికి బిగిసిపోయిన యంత్రమును కదలించుట రెండవది. సమ్మెటతో బ్రద్దలు కొట్టుట ఎవరికైనను చేతనగును. గీటు పడనీయక, మరల అదే తాళమును అదే తలుపునకు వేయదగినట్లు విప్పుటయే విద్య. ఆ విద్యకు మూలము బలము కాదు, బలమును ఎచ్చట నిలుపవలెనో ఎఱుగుట.

ఈ వివేకము మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. శూద్రకుని మృచ్ఛకటికము తృతీయాంకమున శర్విలకుడు చారుదత్తుని యింటికి కన్నము వేయబోవుచు, ముందుగా గోడను పరీక్షించి, నిత్యము సూర్యునకు అర్ఘ్యమిచ్చు నీటిచే నానినదియు, ఉప్పు తినివేసినదియు, ఎలుకలు మన్ను తోడినదియు నగు చోటును ఎన్నుకొనును. అతని కర్మము నింద్యము. కాని సాధనమును తాకకముందే స్థానమును పరికించు ఆ పద్ధతి శాస్త్రీయము. చౌర్యసాధనములతో బయలుదేరు అపహారవర్మ కథ దండి దశకుమారచరితమున కలదు; ఆ కావ్యమును తెనిగించి కేతన అంకితమిచ్చినది నెల్లూరి తిక్కనామాత్యునకే.

ఇక యంత్రము మాట. నేడు మన ఇండ్లలో తఱచు కనబడు పిన్నుల తాళము, 1861లో అమెరికా దేశీయుడగు లైనస్ యేల్ పేటెంటు పొందిన తాళమునకు సంతతి. అందు చెవి దూరు లోపలి స్తంభము తిరుగకుండ, స్ప్రింగులచే నొత్తబడిన పిన్నుల జంటలు అడ్డుపడియుండును. సరియైన చెవి ప్రతి జంటను దానికి తగిన యెత్తునకు లేపగా, జంటలు విడివడు గీతలన్నియు స్తంభపు అంచుతో కలిసి, స్తంభము తిరుగును. అయితే ఏ కర్మాగారమునందును ఆ పిన్నుల రంధ్రములు వెండ్రుకవాసి తేడా లేకుండ తొలువబడవు. కావున స్తంభమును మెల్లగా త్రిప్పబూనినచో పిన్నులన్నియు ఒక్కమారుగా బిగియక, ఏదో యొకటి ముందుగా బిగియును. దానిని సన్నని తీగతో పైకెత్తగా, అది గీతను చేరినంతనే స్తంభము రవంత కదలి, బిగువు మఱియొక దానిపైకి పోవును. ఇట్లు ఒకదాని వెంట నొకటిగా అన్నియు లొంగవలెను.

త్రిప్పు బలము నిచ్చు వంకరపట్టీని చెవిరంధ్రమున ఏ అంచున నిలుపవలెనను ప్రశ్న ఇచ్చటనే ఉదయించును. పిన్నులకు దూరముగా అవతలి కొనయందు నిలుపుట సులభము. క్రొత్తగా నేర్చువారు చేయునది అదియే. కాని చౌకతాళముల రంధ్రములు మిక్కిలి ఇఱుకు. పట్టీ అందు సగము నాక్రమింపగా, పిన్నులను తడవవలసిన తీగకు కదల చోటుండదు. అది పట్టీని రాచుకొనుచు, పిన్నుల చలనమును చేతికి తెలియనీయదు. పిన్నుల వైపు అంచుననే, మొదటి పిన్నునకు ముందున్న కొద్దిపాటి సందున పట్టీని నాటినచో, రంధ్రమంతయు తీగకు దక్కును. అందుకు విఱిగిన హాక్సా బ్లేడు ముక్కనో గొడుగు కమ్మీనో ఆ సందునకు సరిపోవునట్లు ఆకురాయితో ఓపికగా అరుగదీయవలెను. వదులైనచో జాఱిపోవును, పొడవైనచో మొదటి పిన్నునే అదిమిపట్టి పని చెఱచును. ఇందు నా పక్షము స్పష్టము: రంధ్రము అనుమతించినంత వరకు పిన్నుల వైపే మేలు. పనివాని ఎడమచేతి వ్రేలు పట్టీ చివఱ ఆనియుండును. ఆ వ్రేలి గోరు తెల్లబడినచో బలము మితిమీఱినదన్నమాట.

పాత తలుపులకును బోషాణములకును ఉండు లివర్ల తాళమున తావు వేఱు. అచ్చట ఒత్తిడి రంధ్రపు అంచున కాక, లోపలి గడియ మీదనే పడవలెను. ఒక తీగ గడియను నెట్టుచుండగా రెండవది లివర్లను ఒక్కొక్కటిగా లేపును. 1851లో లండను మహాప్రదర్శనము జరిగిన యేట, అమెరికా పనివాడగు హాబ్స్ అజేయమని పేరుపడిన చబ్ తాళమును 25 నిమిషములలో విప్పినది ఈ మార్గముననే. ఒక లివరు కొంచెము ఎక్కువ లేచినను తాళమే పట్టుకొనిపోవు ఏర్పాటు అందు కలదు. దానిని గెలిచినది కండబలము కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ యేటనే బ్రామా తాళమును విప్పుటకు మాత్రము అతనికి 16 దినముల వ్యవధిలో 51 గంటలు పట్టెను.

అల్లూరి వంటి తీరభూములలో ఇంకొక జాగ్రత్త వలయును. త్రుప్పుపట్టిన పిన్ను కూడ బిగిసినట్లే తోచి పనివానిని మోసగించును. పట్టీని పూర్తిగా వదలినను ఆ పిన్ను తన చోటికి తిరిగి రానిచో, దానిని బిగించినది ఒత్తిడి కాదు, త్రుప్పు. అట్టియెడ బలము పెంచుట తాళమును చంపుటయే. కిరసనాయిలు చుక్కలు వేసి, నాననిచ్చి, త్రుప్పుపొడి రాల్చి, పిదప పని మొదలుపెట్టవలెను. కొబ్బరినూనె వేయరాదు, అది కొన్నాళ్ళకు జిగురై దుమ్మును పట్టుకొనును. తాళము విడివడిన తరువాత పెన్సిలు ముల్లు పొడి చల్లినచో పిన్నులు చాలకాలము తేలికగా ఆడును.

ఈ విద్య దొంగలకు తోడగునని శంకించువారు కలరు. ఇంత ఓపికయు ఇంత శిక్షణయు గలవానికి బజారులో గౌరవమైన బ్రతుకు దొరకవలెననియే నా కోరిక. దొంగకు గునపము చాలును. పనివాడు మాత్రము, ఇల్లు పిలిచినవానిదే యని ఇరుగుపొరుగు వారిని విచారించి తెలిసికొనిన పిదపనే పట్టీ నిలుపవలెను. చెవి పోగొట్టుకొన్న గృహస్థులారా, సమ్మెట తీయకముందు అతనిని పిలువుడు. పని క్షణములో ముగిసినదని కూలి తగ్గింపకుడు.