పొద్దున ఏ పాట వేశారు?

రేడియోలో పాటల వరుస వేసే పని చేసినవాళ్లకి ఒక సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ పాట వేశామన్నది ఎంత ముఖ్యమో, ఏ వేళకి వేశామన్నదీ అంతే ముఖ్యం. జనం పనులకి బయల్దేరే వేళ వేసిన పాట సాయంత్రానికి ఊరి నోట్లో ఉంటుంది. అర్ధరాత్రి వేసింది లాగ్‌బుక్కులో ఉంటుంది.

కెనడాలో ఫ్రెంచి స్టేషన్ల లైసెన్సు షరతుల్లో నాకు నచ్చింది ఈ ఎరుకే. అక్కడ ప్రసారాలను నియంత్రించే సీఆర్‌టీసీ అనే కమిషన్ నియమం ప్రకారం, ఫ్రెంచి వాణిజ్య స్టేషన్ వారంలో వేసే జనరంజక గాత్ర సంగీతంలో కనీసం 65 శాతం ఫ్రెంచి పాటలుండాలి. షరతు అక్కడితో ఆగితే, ఫ్రెంచి పాటల్ని రాత్రికి తోసేసి పగలంతా అమెరికా హిట్లు వేసుకోవచ్చు. అందుకే రెండోది పెట్టారు: సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 6 నుంచి సాయంత్రం 6 లోపు, కనీసం 55 శాతం. ఈ రెండో అంకె వేసినవాళ్లకి స్టూడియో పని బాగా తెలుసని నా నమ్మకం.

లైసెన్సు రెన్యూవల్ దగ్గర ఈ అంకెలకి ప్రాణమొస్తుంది. కమిషన్ తనకి నచ్చిన ఒక వారాన్ని ఎంచుకుని, ఆ వారం రికార్డింగులూ పాటల జాబితానూ పంపమంటుంది. అందుకని ప్రసారమైనదంతా నాలుగు వారాలపాటు దాచిపెట్టాలి. వట్టి వాద్య సంగీతం ఈ లెక్కలోకి రాదు. పారిస్ గాయని పాడినా ఫ్రెంచి పాటే. కెనడా సంగీతం 35 శాతం ఉండాలన్న లెక్క మళ్లీ వేరు. లెక్క తప్పిన స్టేషన్లకి ఏడేళ్లకి రావాల్సిన లైసెన్సు అంతకన్నా తక్కువ కాలానికే ఇచ్చిన సందర్భాలున్నాయి. రెన్యూవల్ దరఖాస్తు మీద మామూలు శ్రోత కూడా తన మాట రాసి పంపవచ్చు. గాలి జనానిది కాబట్టి అది వాళ్ల హక్కు.

నన్ను బాధపెట్టింది మాంటేజ్ కథ. నాలుగైదు ఇంగ్లీషు పాటల ముక్కల్ని కలిపి కుట్టి, మొత్తాన్నీ ఒకే పాటగా లెక్క రాసేవారు. అంకె సరిపోయేది. వినేవాడి చెవిలో మాత్రం ఇంగ్లీషే మోగేది. 2011లో కమిషన్ దీనికి హద్దు గీసింది. మంచి పని చేసింది. పాటని ముక్కలు చేయడం ఆ పాటకీ అన్యాయమే, చోటు దొరకని ఫ్రెంచి గాయకుడికీ అన్యాయమే.

బలవంతంగా పాటలు వినిపిస్తే శ్రోత పారిపోడా అంటారు. మన దగ్గర పారిపోయాడు, నిజమే. 1952లో కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు కరువైతే, దేశం రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పింది. 1957లో వివిధ భారతి పెట్టాల్సివచ్చింది. కానీ మన దగ్గర జనం ఇష్టపడే పాటని దూరం పెట్టారు. కెనడాలోని ఫ్రెంచి రాష్ట్రం క్యుబెక్‌లో చేస్తున్నది, జనం సొంత భాషలో పాడేవాళ్లకి పగటిపూట చోటు ఉంచడం. ఇంగ్లీషు సముద్రం మధ్య, ఆ దేశంలో ఇంచుమించు ఐదింట ఒకరికి మాత్రమే మాతృభాష అయిన ఫ్రెంచికి ఆ చోటు అవసరం. తగ్గించమని స్టేషన్లు కోరినా 2022లో కమిషన్ ఈ కోటాల్ని కదపలేదు. నేను కమిషన్ పక్షమే.

ఒక్క కోరిక మిగిలింది. ఫ్రాన్స్‌లో 1994 చట్టం 40 శాతం ఫ్రెంచి పాటలు అడుగుతూ, అందులో సగం కొత్త గొంతులవో కొత్త పాటలో అయి ఉండాలంది. అవే పది పాటల్ని తిప్పితిప్పి వేస్తే, ఒక హద్దు దాటాక అవి లెక్కకి రావని 2016లో ఇంకో చట్టం చేశారు. కెనడాలోనూ రెన్యూవల్ కాగితాల్లో శాతం పక్కన ఈ ప్రశ్న చేరాలి: ఈ ఏడాది మీ ఉదయం కార్యక్రమంలో మొదటిసారి వినిపించిన గాయకులెవరు?