కమలమ్మ ఎవరి భాషలో మాట్లాడింది?

మరిపెడలో పుట్టిపెరిగిన నేను ‘ఆడబాప’ అన్న మాటను మొదట విన్నది అమ్మమ్మ నోట. దొర బిడ్డ అత్తగారింటికి పోతుంటే సారెతోపాటు పంపే దాసి ఆడబాప. పెళ్లి లేదు, తనదైన ఇల్లు లేదు. ఒళ్లు కూడా తనది కాదు.

ఆ మాట మళ్లీ నాకు ఎదురైంది ‘మనకు తెలియని మన చరిత్ర’లో. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను వాళ్లచేతనే చెప్పించి, స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన పుస్తకమది. అందులో కమలమ్మ మా ఉమ్మడి వరంగల్ జిల్లా మనిషి. దాసీల కుటుంబంలో పుట్టి, భర్తతోపాటు ఉద్యమంలోకి వెళ్లి, అడవిలో దళంతో తిరిగింది.

దాస్యం నుంచి బయటపడ్డ మనిషి తన కథ చెప్పాలంటే వినేవాళ్ల భాషలోకి రావాలి. 1861లో అమెరికాలో హారియట్ జాకబ్స్ మారుపేరుతో తన ఆత్మకథ అచ్చువేసింది. అమ్మమ్మ ఇంటి అటక మీద దాదాపు ఏడేళ్లు దాక్కున్న మనిషి, ఉత్తరాది తెల్ల స్త్రీల ‘శీలం’ కొలతలో తనను తాను సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఆ పుస్తకం ఆమె రాసిందేనని పండితలోకం ఒప్పుకోవడానికి 1980ల దాకా పట్టింది.

కమలమ్మకు దొరికిన భాష పార్టీది. దొర ముందు తల ఎత్తే ధైర్యం ఆ భాషే ఇచ్చింది. దాన్ని తక్కువ చేయలేం. కానీ అడవిలో పుట్టిన బిడ్డ దగ్గర ఆ భాష చాలలేదు. బిడ్డతో బయటికి పోవడమా, బిడ్డను ఎవరికైనా ఇచ్చి దళంలో ఉండడమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆమె బిడ్డను ఇచ్చేసింది. దీన్ని ‘త్యాగం’ అనేస్తే మనకు తేలికే. ఆమె తల్లులకు తమ బిడ్డలపై హక్కు లేదు. హక్కు కోసం పోరాటానికి వెళ్లిన కూతురు కూడా బిడ్డను వదులుకోవలసి వచ్చింది. దొర లాక్కోవడం, తాను ఎంచుకోవడం ఒకటి కాదు. అయినా ఆ రెండు దారుల్లో ఏదీ ఆమె గీసింది కాదు. పార్టీలో ఆమె పూర్తిగా కలిసిపోలేదని నాకు అర్థమైంది ఇక్కడే. పోరాటాన్ని గర్వంగా చెప్పుకున్న గొంతే ఆ బిడ్డనూ మరిచిపోలేదు.

మరి మన సంగతి? ప్రశ్నలు వేసింది, పేజీలుగా కూర్చింది చదువుకున్న స్త్రీలే. వాళ్లు లేకపోతే ఈ గొంతు మనదాకా వచ్చేది కాదు. 1989లో అది ఇంగ్లీషులోకి వెళ్లాక, మా వైపు యాస ఏది, కోస్తా యాస ఏది అన్నది చెరిగిపోయింది. నేనూ తక్కువ తినలేదు. ఈ కథను క్లాసులో చదివించినప్పుడు, మానుకోట వైపునుంచి వచ్చిన అమ్మాయి తన యాసలో జవాబు రాస్తే ఎర్ర సిరాతో దిద్దాను. ఆమె ఏమీ అనలేదు. తర్వాతి పరీక్షలో చక్కటి పుస్తక భాషలో రాసింది. అందులో వాళ్ల నాయనమ్మ ముచ్చట మాత్రం లేదు.

ఆ మొదటి జవాబు కాగితం నా దగ్గరే ఉంది. దిద్దినవన్నీ తప్పులు కావని ఆమెకు ఇంకా చెప్పలేదు.