పైథాన్ స్ట్రింగుల చాటు వెసులుబాటు

పైథాన్‌లో స్ట్రింగ్ ఒకసారి ఏర్పడ్డాక మారదు. దానికి మరో ముక్క చేర్చాలంటే రెండింటినీ కొత్త చోటికి నకలు చేయాలి. లూప్‌లో ఇలా చేర్చుకుంటూ పోతే పని వర్గప్రమాణంలో పెరుగుతుంది. 2004లో వచ్చిన సీపైథాన్ 2.4 ఈ భారాన్ని చాటుగా తగ్గించింది: ఎడమవైపు స్ట్రింగ్‌ను ఒక్క చలరాశే పట్టుకుని ఉంటే, వీలైనంతవరకు ఉన్నచోటే పొడిగిస్తుంది.

యుక్తి చక్కనిదే; చిక్కంతా దాని మౌనంలో ఉంది. అదే స్ట్రింగ్‌ను ఆబ్జెక్ట్ లక్షణంగా దాచి పెంచితే పాత ఖర్చు తిరిగివస్తుంది, పైకి వాక్యంలో తేడా కనబడదు. రెఫరెన్సులను లెక్కించని జైథాన్ వంటి అమలుల్లో ఈ సదుపాయమే లేదు. ఒప్పందంలో లేని ఉపకారం మీద ప్రోగ్రాములు కట్టవద్దని శైలి సూచిక పెప్ 8 హెచ్చరించడం సబబే.

తెలుగుతో పనిచేసేవారికి మరో మెలిక. 3.3 నుంచి స్ట్రింగ్ వెడల్పును అందులోని అక్షరాలే నిర్ణయిస్తాయి: ఆంగ్లాక్షరానికి 1 బైటు, తెలుగు సంకేతానికి 2. పొడవాటి ఆంగ్ల పాఠం చివర ఒక్క ‘అ’ చేర్చినా మొత్తం రెట్టింపు వెడల్పుతో మళ్ళీ నకలవుతుంది. (ఆ తరువాతి తెలుగు చేర్పులకు ఈ బాధ లేదు.) ముక్కలను జాబితాలో పోగుచేసి జాయిన్‌కు అప్పగిస్తే, అది మొత్తం పొడవునూ వెడల్పునూ ముందే లెక్కగట్టి, ఒక్కసారే చోటు తీసుకుంటుంది.