కచేరీ తర్వాత భోజనం

పాడేవాళ్లు కచేరీకి ముందు కడుపు నిండా తినరు. నాభి దగ్గర్నుంచి ఊపిరి పట్టి పాడాలంటే పొట్ట తేలిగ్గా ఉండాలని మా గురువుగారు చెప్పారు. నా శిష్యులకు నేనూ అదే చెబుతాను. సాయంత్రం రెండు ఇడ్లీలు, కాసిన్ని కాఫీ చుక్కలు, అంతే. ఏడింటికి మొదలైన కచేరీ మంగళం దాకా వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. శాలువాలు, ఫొటోలు, పలకరింపులు అయ్యాక ఏ పదిన్నరకో విస్తరి ముందు కూర్చుంటాం. అప్పటికి ఆకలి నకనకలాడుతూ ఉంటుంది. పులిహోర, గారెలు, బూరెలు, గోంగూర పచ్చడి, ఆఖర్న గడ్డపెరుగు. పిలిచినవాళ్లు పక్కనే నిలబడి కొసరి కొసరి వడ్డిస్తారు. ఇంటికొచ్చి పట్టుచీర మార్చుకుని నడుం వాల్చేస్తాం.

మా వృత్తిలో దాదాపు అందరి వరసా ఇదే. పాట బాగుండాలని పెట్టుకున్న ఈ అలవాటే మర్నాటి పాటను చెడగొడుతుందన్న సంగతి మాత్రం ఏ సంగీత పాఠంలోనూ రాదు.

అన్నవాహిక వచ్చి జీర్ణాశయంలో కలిసేచోట ఒక కండర వలయం ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని, దిగాక బిగుసుకుంటుంది. పొట్ట ఉబ్బేలా తింటే అది మాటిమాటికీ సడలుతుంది, లోపలి ఆమ్లం పైకి వస్తుంది. కూర్చున్నా నిలుచున్నా ఆమ్లం తన బరువుకి తనే కిందికి జారుతుంది. మింగే ఉమ్ములో క్షారగుణం ఉంటుంది గనక మిగిలిన కాస్తా విరిగిపోతుంది. నిద్రలో ఉమ్ము దాదాపు ఊరదు, మింగడమూ బాగా తగ్గిపోతుంది. నిండు కడుపుతో వెల్లకిలా పడుకోవడమంటే మూత వదులైన సీసాను పడుకోబెట్టడమే. పైకొచ్చిన ఆమ్లం అక్కడే చాలాసేపు నిలిచి ఉంటుంది.

గుండెల్లో మంట అందరికీ తెలిసిన బాధే. గొంతు దాకా వెళ్లే బాధ అంతగా తెలియదు. స్వరపేటిక లోపలి పొర అన్నవాహిక పొరకంటే సున్నితం, ఆమ్లాన్ని తట్టుకునే ఏర్పాట్లు దానికి తక్కువ. కొంతమందికి ఛాతీలో మంటే ఉండదు, గొంతు మాత్రం చెడుతుంది. పొద్దున లేవగానే బొంగురు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు అనిపించడం, ఊరికే గొంతు సవరించుకోవడం. అలా సవరించుకున్న ప్రతిసారీ స్వరతంత్రులు ఒకదాన్నొకటి కొట్టుకుని ఇంకాస్త వాస్తాయి. కింది స్థాయిలోని మంద్ర పంచమం మీద నిలబడి చేసే అకార సాధకం వేకువజామునే చేయాలంటారు. ఈ బాధ ఉన్న రోజుల్లో నాకు గొంతు విచ్చుకునేసరికే ఎనిమిదయ్యేది, పిల్లలు తలుపు కొట్టేవాళ్లు. పాఠం జరిగిపోయేది గానీ సాధకం ఉండేది కాదు. ఇటలీలో ఒపేరా బృందగాయకుల మీద 2007లో వెలువడిన ఒక అధ్యయనం, మామూలు జనంలోకన్నా వాళ్లలో ఈ లక్షణాలు ఎక్కువని తేల్చింది. పాడేటప్పుడు పొట్ట కండరాల ఒత్తిడి పెరగడం ఒక కారణం కావచ్చన్నారు. కచేరీ నాడు చీర జారకుండా లంగా బొందు బిగించి కట్టుకునే మాకు ఆ ఒత్తిడికి ఇంకొంత తోడవుతుంది.

వారంలో ఒకసారి వచ్చి పోయే మంట గురించి ఇంత రాయక్కర్లేదు. తరచుగా వచ్చేది వేరు. అది నొప్పి రూపంలో కన్నా, మానుకున్న పనుల రూపంలో మనల్ని తినేస్తుంది. ధనుర్మాసంలో వాకిట్లో వంగి ముగ్గు వేయడం నాకు ప్రాణం. మంట ముదిరాక వంగితే చాలు, పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు కాస్తా నాలుగు గీతలైంది. తర్వాత పనమ్మాయి వేసింది. ఆ పైన గడప ముందు ముగ్గు స్టిక్కరు అంటించాం. ఏ రోజూ ఇది జబ్బు వల్ల అనుకోలేదు, వయసనుకున్నాం, తీరిక లేకనుకున్నాం. పెళ్లి పంక్తిలో పిన్ని "ఒక్క గారె వేసుకోవే" అంటే వద్దనడం, వద్దన్నందుకు ఆవిడ ముఖం చిన్నబోవడం, మరుసటి పెళ్లికి అక్షింతలు వేసి భోజనాలకి ఆగకుండా వచ్చేయడం. ఇవేవీ డాక్టరు దగ్గర చెప్పుకునే లక్షణాల్లా కనిపించవు.

కానీ ఇవే లెక్కలోకి రావాలని వైద్యశాస్త్రం కూడా ఒప్పుకుంది. 2006లో ప్రకటించిన మాంట్రియల్ నిర్వచనంలో 18 దేశాల నిపుణులు 44 మంది కలిసి ఒక మాట ఖాయం చేశారు. ఆమ్లం పైకి రావడం వల్ల కలిగే లక్షణాలు మనిషిని ఇబ్బంది పెడుతుంటే దాన్ని జబ్బుగా లెక్కించాలి, ఇబ్బందా కాదా అన్నది చెప్పవలసింది ఆ మనిషే. కొద్దిపాటి మంటైనా వారంలో రెండు రోజులో అంతకంటే ఎక్కువో వస్తుంటే చాలామందికి అది ఇబ్బందిగానే ఉంటుందని గమనించారు. అంతకు పదేళ్ల ముందే, 1996లో, అమెరికా సర్జన్ వెలనోవిచ్ ఒక చిన్న ప్రశ్నావళి తయారుచేశారు. పడుకుంటే మంట వస్తోందా, నిద్రలోంచి లేపుతోందా, దీనివల్ల తిండి మార్చుకున్నారా, మందులు వేసుకోవడమే రోజువారీ బతుక్కి అడ్డమవుతోందా అని అడిగి, ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేయమంటుంది. ఆ ప్రశ్నలు చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా గొడవను ఎవరో సరిగ్గా విన్నట్టనిపించింది. ఎండోస్కోపీలో అన్నవాహిక శుభ్రంగా కనబడుతూనే ఐదుకి ఐదు వేసుకునే బాధ ఉండొచ్చు. రిపోర్టు బాగుందంటే మనిషి బాగున్నట్టు కాదు.

రాత్రి సంగతి ఇంట్లోవాళ్లందరిదీ. అర్ధరాత్రి లేచి హాల్లో కుర్చీలో కూర్చుంటే పక్కవాళ్లకీ నిద్ర ఉండదు. "గుండె కాదు కదా?" అన్న మాట పైకి అనకపోయినా ఇద్దరి మనసులోనూ ఉంటుంది. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. బరువు పెట్టినట్టు ఛాతీ పట్టేయడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, ఆయాసం ఉంటే గ్యాసేలే అని సోడా తాగి పడుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి. ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి వికారంగానో, కడుపు పైభాగంలో నొప్పిగానో మొదలవుతుంది. అలాగే ముద్ద మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, వాంతిలో రక్తం పడినా, విరేచనం నల్లగా అయినా అది ఇంట్లో సర్దుకునే వ్యవహారం కాదు.

మందుల గురించి కొంచెం. ఒమెప్రజోల్ 1988లో స్వీడన్‌లో అమ్మకానికి వచ్చింది. దాని తర్వాత వచ్చిన పాంటోప్రజోల్ ఈరోజు మన మెడికల్ షాపుల్లో 'గ్యాస్ బిళ్ల' పేరుతో అడిగినవాళ్లకల్లా దొరుకుతోంది. మంట పుట్టాక మింగితే అది అప్పటికప్పుడు చల్లార్చదు. భోజనానికి అరగంట ముందు, మామూలుగా పరగడుపున వేసుకుంటేనే దాని పని అది చేస్తుంది. చేసినా ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తుంది తప్ప పైకి రావడాన్ని ఆపదు. గొంతు బాధ బిళ్లతో పూర్తిగా పోని వాళ్లు అందుకే కనిపిస్తుంటారు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే మంట ఇంకా ఎక్కువగా తిరగబెట్టవచ్చు గనక మొదలుపెట్టడం, ఆపడం రెండూ డాక్టరుకి చెప్పే చేయాలి.

ఇక మిరపకాయ. గుంటూరు పక్కనే బతికే మనకి ఏ కడుపు బాధైనా మొదటి ముద్దాయి అదే. కారాన్నీ వేడినీ పసిగట్టే గ్రాహకాన్ని గుర్తించినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఆమ్లానికి కూడా ఆ గ్రాహకం స్పందిస్తుంది. అందుకని ఒరుసుకుపోయిన చోట కారం తగిలితే మంట రెట్టింపవుతుంది, నిజమే. అలాగని మిరపకాయ, చింతపండు, టమాటా, కాఫీ, పుల్లటివన్నీ ఒకేసారి మానెయ్యమనే జాబితాలంటే నాకు కోపం. ఒకరికి పడనిది ఇంకొకరికి పడుతుంది. ఏది తింటే ఎప్పుడు మంట వచ్చిందో ఓపిగ్గా చూసుకుంటే నిజంగా మానాల్సినవి కొన్నే తేలతాయి. మధ్యాహ్నం పప్పన్నంలో ఆవకాయ నన్నేమీ చేయదు. రాత్రి పదిన్నరకు కడుపు నిండా తిన్న పెరుగన్నం చేస్తుంది. ఉన్న కొద్దిపాటి రుచుల్నీ భయపడి వదిలేసుకుంటూ పోతే, జబ్బు తీసుకుపోని దాన్ని కూడా మనమే దానికి అప్పగించినట్టవుతుంది.

నాకు పనికొచ్చినవి మామూలు సంగతులే. ఏడింటిలోపు రాత్రి భోజనం, తిన్నాక మూడు గంటల దాకా పడుకోకపోవడం. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల చెక్క దిమ్మలు. దిండ్లు దొంతరగా పెట్టుకుంటే మెడా నడుమూ వంగి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, ఒళ్లంతా ఏటవాలుగా ఉండాలి. సామాన్లు దాచుకునే పెట్టె మంచాలకి కోళ్లే ఉండవు కాబట్టి వాటి మీద ఏటవాలు దిండు వేసుకోవాలి. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహిక కలిసేచోటుకి దిగువన ఉండిపోతుంది. మంచం ఎత్తు పెంచిన కొత్తలో మావారు రాత్రంతా కాళ్లవైపు జారుతున్నానని అన్నారు, వారం తిరక్కుండా అలవాటుపడ్డారు. మంద్ర పంచమం నెమ్మదిగా తిరిగి వచ్చింది. ఇప్పుడు కొత్తగా చేరే శిష్యుల్ని శ్రుతి ఎంత అని అడిగాక, రాత్రి ఎన్నింటికి తింటావమ్మా అని కూడా అడుగుతున్నాను. పదకొండింటికి అని చెప్పే పిల్లలే ఎక్కువ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వాళ్లు మరీను.

ఈమధ్య కచేరీకి పిలవడానికి వచ్చినవాళ్లని రెండు కోరుతున్నాను. ఆరింటికల్లా మొదలుపెట్టండి, రాత్రి భోజనం ఏర్పాటు చేయకండి. మొదటిదానికి చాలామంది ఒప్పుకుంటున్నారు. రెండోదానికి మొన్న ఒక ఊరి నిర్వాహకుడు బాగా నొచ్చుకున్నారు. "పాడినవాళ్లని అన్నం పెట్టకుండా పంపిస్తే మా అమ్మ ఊరుకోదండీ" అన్నారు. అయితే మర్నాడు మధ్యాహ్నం మీ ఇంటికే వస్తాను, కొత్తావకాయతో పెట్టమనండి అన్నాను. ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, పొద్దున సాధకం చేసుకుని, పన్నెండింటికి వెళ్లాం. ఆవిడ వడ్డిస్తూ ఉంటే రెండుసార్లు మారు అడిగి తిన్నాను.